ఒక టిక్కుకు ప్రతిపదార్థం

ల్యాప్‌టాప్ మూత తెరుస్తాం. తెర వెలుగుతుంది, పాస్‌వర్డ్ తీసుకుంటుంది, రాత్రి సగంలో వదిలేసిన ఫైలు వదిలిన చోటే ఉంటుంది. నెట్ మాత్రం ఉండదు. అదే గదిలో, అదే వైఫై మీద ఫోను చక్కగా నడుస్తుంటుంది. విసుగొచ్చి రీస్టార్ట్ కొడితే నెట్ వచ్చేస్తుంది. మళ్లీ స్లీప్‌లోకి వెళ్లి లేస్తే మళ్లీ అదే తంతు.

ఆఫీసులో సిస్టమ్స్ చూసే అబ్బాయిని అడిగినా, రిపేరు షాపులో అడిగినా ఒకటే మందు చెబుతారు: "డివైస్ మేనేజర్‌లో ఆ టిక్కు తీసేయండి సార్." విండోస్ కీ, ఎక్స్ కలిపి నొక్కితే వచ్చే మెనూలో డివైస్ మేనేజర్, అందులో నెట్‌వర్క్ అడాప్టర్స్, కార్డు పేరు మీద రైట్‌క్లిక్, ప్రాపర్టీస్, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్. అక్కడ మొదటి గడి పక్కన ఈ వాక్యం ఉంటుంది:

"అలౌ ది కంప్యూటర్ టు టర్న్ ఆఫ్ దిస్ డివైస్ టు సేవ్ పవర్."

ఆ టిక్కు తీస్తే చాలామందికి నయమవుతుంది. కొందరికి ఏమీ మారదు. మరికొందరి ల్యాప్‌టాప్‌లో ఆ ట్యాబే కనిపించదు. ఎవరికి ఎందుకు పనిచేస్తుందో తెలియకుండా టిక్కు తీయడం జ్వరం ఏదైనా ఒకే మాత్ర వేసినట్టే. అందుకే ఈ వాక్యాన్ని పదం పదం విడదీసి చదవాలనిపించింది. ఇంగ్లిషు వరుసలో కాకుండా, మన అన్వయక్రమంలో, ప్రయోజనం ముందు, క్రియ చివర పెట్టి చదువుతాను. అసలు మర్మం ఆ చివరి క్రియలోనే ఉంది.

టు సేవ్ పవర్ (కరెంటు ఆదా కోసం)

ఆదా అనేది ఎప్పటి సంగతి? కంప్యూటర్ పనిచేస్తున్నప్పుడా, పడుకున్నప్పుడా? ఈ వాక్యంలో అది లేదు. నెట్‌వర్క్ కార్డు విషయంలో ఈ గడి పట్టించుకునేది ప్రధానంగా కంప్యూటర్ స్లీప్‌లోకి వెళ్లేటప్పుడు, లేచేటప్పుడు కార్డును ఏం చేయాలన్నదే.

1992లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి తెచ్చిన ఏపీఎం పద్ధతిలో నిద్ర వ్యవహారమంతా బయోస్ చూసుకునేది. 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ఏసీపీఐ అనే ప్రమాణాన్ని విడుదల చేశాయి. ఎవరు ఎప్పుడు పడుకోవాలో, ఎప్పుడు లేవాలో నిర్ణయించే పెత్తనం అప్పటినుంచి ఆపరేటింగ్ సిస్టమ్‌ది. మెలకువకు, నిద్రకు అంతస్తులు కూడా అందులోనే ఉన్నాయి. ఎస్0 అంటే మెలకువ. ఎస్3 అంటే మనం మామూలుగా స్లీప్ అనేది: ప్రాసెసర్‌కు కరెంటు ఉండదు, ర్యామ్‌కు మాత్రం అందులో ఉన్నది చెరిగిపోకుండా కొద్దిగా అందుతుంది. ఎస్4 హైబర్నేట్: ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కు మీదికి దించి, ర్యామ్‌కూ కరెంటు తీసేస్తుంది.

కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఎస్3 లేనే లేదు. విండోస్ 8 కాలంలో కనెక్టెడ్ స్టాండ్‌బై పేరుతో మొదలై, విండోస్ 10 నుంచి మోడర్న్ స్టాండ్‌బై అయిన పద్ధతి వాటిలో ఉంటుంది. ఇది ఫోను నిద్రలాంటిది. తెర ఆరుతుంది గాని యంత్రం లెక్కప్రకారం ఎస్0లోనే ఉండి, మధ్యమధ్య లేచి మెయిల్ చూసుకుని మళ్లీ ఒరుగుతుంది. ఇలాంటి యంత్రాల్లో పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ తరచూ కనిపించదు. మీది ఏ రకమో తెలియాలంటే కమాండ్ ప్రాంప్ట్‌లో "పవర్‌సీఎఫ్‌జీ /ఏ" అని కొట్టండి. అందుబాటులో ఉన్న నిద్రల జాబితా వస్తుంది. అందులో "ఎస్0 లో పవర్ ఐడిల్" అని ఉంటే మీది మోడర్న్ స్టాండ్‌బై. టిక్కు కోసం అరగంట వెతికే ముందు ఈ ఒక్క కమాండ్ కొట్టడం మేలు.

దిస్ డివైస్ (ఈ పరికరాన్ని)

ఏ పరికరం? నెట్‌వర్క్ అడాప్టర్స్ జాబితా విప్పితే పది పేర్లు కనిపిస్తాయి. వాన్ మినీపోర్ట్ అని మొదలయ్యేవి, బ్లూటూత్‌ది, వీపీఎన్ పెట్టినవి, వర్చువల్ మెషీన్ల కోసం పుట్టినవి. వీటిలో ఇనుపముక్కలు రెండే: వైఫై కార్డు, ఈథర్‌నెట్ కార్డు. మీరు వాడేది ఏదో దాని ప్రాపర్టీస్‌లోనే టిక్కు చూడాలి. వైఫై మీద పనిచేస్తూ ఈథర్‌నెట్ కార్డు టిక్కు తీసి, "తీశాను గాని తగ్గలేదు" అనేవాళ్లు తక్కువేమీ కాదు.

యూఎస్‌బీ డాంగిల్ వాడేవారికి ఇంకో చిక్కుంది. డాంగిల్ తనంతట తాను ఉండదు, యూఎస్‌బీ హబ్ మీద ఆధారపడి ఉంటుంది. డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ తెరిస్తే దానికీ ఇదే వాక్యం, ఇదే గడి ఉంటాయి. పైగా పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ అని వేరే సెట్టింగు. దీనికి పూర్తి నిద్ర కూడా అక్కర్లేదు, పని లేకుండా ఉన్న యూఎస్‌బీ పరికరాన్ని మెలకువలోనే ఆపగలదు. అకౌంట్స్ ఆఫీసులో పాత డెస్క్‌టాప్‌కు వెనక డాంగిల్ గుచ్చి నడిపిస్తుంటారు. భోజనానికి వెళ్లొచ్చేసరికి సర్వర్‌తో లింకు పోయి ఉంటుంది, డాంగిల్ పీకి గుచ్చితే వస్తుంది. అలాంటి చోట డాంగిల్ టిక్కు ఒక్కటీ తీస్తే సరిపోదు, హబ్ టిక్కు కూడా చూడాలి.

వీపీఎన్ అడాప్టర్ది మరో తీరు. నిద్రలో అవతలి సర్వర్ సెషన్ మూసేస్తుంది. ఇవతల మాత్రం వర్చువల్ అడాప్టర్ ఇంకా కలిసే ఉన్నాననుకుని ట్రాఫిక్ మొత్తాన్ని తనవైపు లాక్కుంటుంది. వైఫై గుర్తు నిండుగా ఉన్నా పేజీ ఒక్కటీ తెరుచుకోదు. వీపీఎన్ తెంపి చూడండి, నెట్ వస్తే కార్డు మీద అనుమానం మానుకోవచ్చు.

టర్న్ ఆఫ్ (ఆపివేయు)

బల్బు స్విచ్ లాంటి ఆపడం కాదిది. యంత్రం మొత్తానికి ఎస్ అంతస్తులున్నట్టే, ఒక్కో పరికరానికి డీ అంతస్తులున్నాయి. డీ0 పూర్తి మెలకువ. డీ3 గాఢనిద్ర. డీ3లో మళ్లీ రెండు రకాలు: డీ3హాట్‌లో కార్డుకు కరెంటు అందుతూనే ఉంటుంది, పిలిస్తే పలికే మాత్రం స్పృహ ఉంటుంది. డీ3కోల్డ్‌లో అసలు కరెంటే తీసేస్తారు.

డీ3కోల్డ్ నుంచి లేచిన కార్డుకు ఏమీ గుర్తుండదు. వైఫై కార్డులో ఒక చిన్న ప్రాసెసర్ ఉంటుంది, దానికి ఫర్మ్‌వేర్ అనే సొంత ప్రోగ్రామ్ ఉంటుంది. ఆ ఫర్మ్‌వేర్‌ను కార్డులోకి ఎక్కించేది సాధారణంగా డ్రైవరే. అంటే మూత తెరిచిన ఒకటి రెండు సెకన్లలో డ్రైవర్ చేయాల్సిన చాకిరీ చాలా ఉంది. కార్డును పలకరించాలి, అది మతిపోయి లేచిందా, మతితో లేచిందా గుర్తించాలి, అవసరమైతే ఫర్మ్‌వేర్ మళ్లీ ఎక్కించాలి, ఛానల్, రేడియో సెట్టింగులన్నీ మళ్లీ నింపాలి. ఆ తర్వాతే రౌటర్‌ను వెతకడం. నిద్ర కొద్దిగా పొడవైతే రౌటర్ కూడా ఈ ల్యాప్‌టాప్‌ను తన జాబితాలోంచి తీసేసి ఉంటుంది. అందువల్ల కలయిక మొదటినుంచి జరగాలి, డబ్ల్యూపీఏ2లో నాలుగు సందేశాల చర్చ ముగిసి కొత్త తాళాలు పుట్టాలి.

ఇన్ని మెట్లలో ఎక్కడ కాలు జారినా మనకు కనిపించేది ఒకటే బొమ్మ: నెట్ లేదని చెప్పే గ్లోబు. మెట్టు ఏదో చెప్పే గుర్తులు వేరేచోట ఉంటాయి. డివైస్ మేనేజర్‌లో కార్డు పేరు మీద పసుపు త్రికోణం, లోపల కోడ్ 10 అనో 43 అనో ఉంటే కార్డే సరిగా లేవలేదు. కార్డు బాగానే ఉండి వైఫై పేర్ల జాబితా ఖాళీగా ఉంటే రేడియో లేవలేదు. పేర్లు కనిపిస్తూ కలవకపోతే తాళాల దగ్గర తగాదా. కలిసింది గాని నెట్ లేదంటే గొడవ అడ్రెస్ దగ్గరో, ఆ పైనో. ఈ నాలుగింటిలో మొదటి రెండింటికే మన టిక్కుతో నేరుగా సంబంధం ఉంది.

ఈథర్‌నెట్ వాళ్లకు ఇంకా సులువు. కేబుల్ గుచ్చిన చోట చిన్న దీపాలుంటాయి. కంప్యూటర్ లేచాక కూడా అవి ఆరిపోయే ఉంటే కార్డు ఇంకా డీ3లోనే ఉంది. వెలుగుతున్నాయంటే తీగ వరకు బాగానే ఉంది, పైన చూసుకోవాలి. కొన్ని యంత్రాల్లో స్లీప్‌లోనూ ఆ దీపం వెలుగుతుంటుంది. అది చెడిపోయిందన్న గుర్తు కాదు. దూరం నుంచి లేపే మ్యాజిక్ ప్యాకెట్ కోసం కార్డు ఒక చెవి తెరిచి పెట్టుకుందన్నమాట. ఆరు ఎఫ్ఎఫ్ బైట్లు, వాటి వెనక ఆ కార్డు మ్యాక్ అడ్రెస్ పదహారుసార్లు, మొత్తం 102 బైట్ల ఆ పిలుపు వినిపిస్తే కార్డు యంత్రాన్ని తట్టి లేపుతుంది.

ది కంప్యూటర్ (కంప్యూటర్‌ను)

ఇక్కడ కంప్యూటర్ అంటే ముగ్గురు: విండోస్, కార్డు డ్రైవర్, మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్. విండోస్ ఆజ్ఞ ఇస్తుంది, డ్రైవర్ అమలు చేస్తుంది, కరెంటు గేట్లు నిజంగా తెరిచి మూసేవి బోర్డు మీదున్నవి. డ్రైవర్ తన కార్డు డీ3లోకి వెళ్లి రాగలదని విండోస్‌కు ముందే హామీ ఇచ్చి ఉంటుంది. విండోస్ ఆ మాట నమ్ముతుంది. మన సమస్యల్లో పెద్ద వాటా ఈ హామీ నిలబడని చోటే పుడుతుంది.

ఎవరి తప్పో తేల్చడానికి ఈవెంట్ వ్యూయర్ ఉంది. విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ తెరిచి, ఉదయం మూత ఎత్తిన సమయం దగ్గరికి వెళ్లండి. కెర్నల్-పవర్ పేరుతో 42 నంబరు ఎంట్రీ అంటే యంత్రం పడుకోబోతోందని. అదే పేరుతో 107 అంటే లేచిందని. పవర్-ట్రబుల్‌షూటర్ పేరుతో 1 నంబరు ఎంట్రీలో ఎప్పుడు పడుకుంది, ఎప్పుడు లేచింది, ఎవరు లేపారు అన్నది ఉంటుంది. మోడర్న్ స్టాండ్‌బై యంత్రంలోనైతే పడుకోవడానికి 506, లేవడానికి 507 చూడాలి. లేచిన ఎంట్రీ తర్వాత వచ్చే రెండు నిమిషాలే మనకు కావాలి. అక్కడ కార్డు డ్రైవర్ పేరుతో ఎర్ర గుర్తు ఉంటే దొంగ దొరికినట్టే. ఏమీ లేకుండా నిశ్శబ్దంగా ఉంటే కార్డు తనవరకు సరిగానే లేచి ఉండవచ్చు, చూపు పైమెట్ల మీదికి మళ్లించాలి.

వైఫైకి ఇంతకంటే మంచి సాధనం ఉంది, ఎందుకో ఎవరూ వాడరు. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో "నెట్‌ఎస్‌హెచ్ వ్లాన్ షో వ్లాన్‌రిపోర్ట్" అంటే గత మూడు రోజుల వైఫై చరిత్రను ఒక పేజీగా తయారుచేసి పెడుతుంది. ఎప్పుడు కలిసింది, ఎప్పుడు తెగింది, ఏ కారణం చేత, మధ్యలో యంత్రం ఎప్పుడు నిద్రపోయింది, అన్నీ ఒకే గీత మీద. రిపేరు మనిషి చేతిలో ఆ పేజీ పెడితే సగం పని అయిపోయినట్టే.

అలౌ (అనుమతించు)

ఇప్పుడు అసలు క్రియ. వాక్యాన్ని ఉన్నదున్నట్టు చదివితే, టిక్కు ఉంటే కార్డును ఆపుతుందని, టిక్కు తీస్తే కార్డు ఆగకుండా నడుస్తూనే ఉంటుందని అర్థం వస్తుంది. చాలామంది అదే అనుకుంటారు. నిద్రలో కూడా కార్డు మేలుకుని ఉంటుంది కాబట్టి లేవగానే నెట్ సిద్ధంగా ఉంటుందన్నది వాళ్ల తర్కం.

జరిగేది దానికి దాదాపు తలకిందులు. మైక్రోసాఫ్ట్ తన వివరణలో స్పష్టంగా చెప్పింది: టిక్కు ఉన్నప్పుడు విండోస్ కార్డును నిద్రపుచ్చుతుంది, లేచాక దాన్ని తిరిగి డీ0కి తెస్తుంది. టిక్కు లేనప్పుడు కార్డును పూర్తిగా నిలిపివేస్తుంది, లేచాక మొదటినుంచి కొత్తగా ప్రారంభిస్తుంది. డీ3కి వెళ్లి రాగలనని చెప్పి నిజానికి రాలేని డ్రైవర్ల కోసమే ఈ వెసులుబాటు అని కూడా ఆ వివరణలో ఉంది.

ఈ ఒక్క సంగతి తెలిస్తే మిగతావన్నీ వాటంతట అవే విడతాయి. టిక్కు తీయడమంటే కార్డును మేలుకొల్పి ఉంచడం కాదు, నిద్ర అనే దశనే తీసేసి ప్రతిసారీ దాన్ని కొత్తగా పుట్టించడం. పాత స్థితిని గుర్తుపెట్టుకుని తిరిగి అందుకోవాల్సిన బాధ్యత డ్రైవర్‌కు తప్పుతుంది. చాలా డ్రైవర్లకు తిరిగి అందుకోవడం రాకపోయినా మొదటినుంచి మొదలుపెట్టడం బాగా వచ్చు, ఎందుకంటే ప్రతి బూట్‌లోనూ చేసేది అదే. రీస్టార్ట్ కొడితే నెట్ ఎందుకు వస్తుందో కూడా ఇందులోనే ఉంది.

మందు వేసే ముందు పరీక్ష కూడా ఇక్కడే దొరుకుతుంది. ఈసారి నెట్ పోయినప్పుడు రీస్టార్ట్ కొట్టకండి. డివైస్ మేనేజర్‌లో ఆ కార్డు మీద రైట్‌క్లిక్ చేసి డిజేబుల్ చేయండి, కాసేపాగి ఎనేబుల్ చేయండి. విండోస్ టిక్కు లేనప్పుడు చేసేది కూడా ఇంచుమించు ఇదే. ఇలా చేస్తే నెట్ వచ్చిందంటే టిక్కు తీయడం మీకు పనిచేసే అవకాశం గట్టిగా ఉంది. రాలేదంటే జబ్బు వేరు.

లినక్స్ వాడేవారు ఇదే పని చేత్తో చేస్తారు. సిస్టమ్‌డీ వాళ్ల సిస్టమ్-స్లీప్ ఫోల్డర్‌లో చిన్న స్క్రిప్టు పెడితే నిద్రకు ముందు "ప్రీ" అని, లేచాక "పోస్ట్" అని దాన్ని పిలుస్తుంది. ప్రీలో మోడ్‌ప్రోబ్ -ఆర్ తో డ్రైవర్‌ను దించేయడం, పోస్ట్‌లో మోడ్‌ప్రోబ్‌తో మళ్లీ ఎక్కించడం. మార్గం వేరైనా సూత్రం ఒకటే. టిక్కు ట్యాబ్ లేని మోడర్న్ స్టాండ్‌బై యంత్రంలో విండోస్ వాళ్లు పవర్‌షెల్‌లో "రీస్టార్ట్-నెట్అడాప్టర్" కమాండ్‌తో అప్పటికి గట్టెక్కవచ్చు. అలాంటి యంత్రాల్లో శాశ్వతమైన దారి మాత్రం డ్రైవర్, బయోస్ అప్‌డేట్లే. ల్యాప్‌టాప్ తయారీదారు ఆ మోడల్ కోసం పెట్టిన డ్రైవర్‌ను ముందు ప్రయత్నించాలి. విండోస్ అప్‌డేట్ వచ్చిన మర్నాటినుంచే ఈ బాధ మొదలైతే, అదే ప్రాపర్టీస్‌లో డ్రైవర్ ట్యాబ్‌లోని రోల్ బ్యాక్ చూడాలి. కొత్తదే మంచిదన్న నియమమేమీ డ్రైవర్లకు లేదు.

టిక్కు తీయడానికి ఒక మూల్యం ఉంది. దాని కింద ఉండే "అలౌ దిస్ డివైస్ టు వేక్ ది కంప్యూటర్" అనే గడి కూడా మసకబారిపోతుంది. పూర్తిగా నిలిచిపోయిన కార్డు మ్యాజిక్ ప్యాకెట్ వినలేదు కదా. ఇంటినుంచి ఆఫీసు కంప్యూటర్‌ను లేపి పనిచేసుకునేవారు టిక్కు తీసే ముందు ఈ సంగతి ఆలోచించుకోవాలి. డ్రైవర్ కొత్తగా ఇన్‌స్టాల్ అయినప్పుడు టిక్కు మళ్లీ వచ్చి కూర్చోవచ్చు కూడా. నయమైన రోగం తిరగబెడితే మొదట చూడాల్సింది అక్కడే.

అధ్యాహారాలు

వాక్యంలో లేకపోయినా అర్థం పూర్తికావడానికి తెచ్చుకోవాల్సిన మాటలు రెండున్నాయి.

ఒకటి లీజు. రౌటర్ ఇచ్చే ఐపీ అడ్రెస్ శాశ్వతం కాదు, డీహెచ్‌సీపీ పద్ధతిలో గడువు పెట్టి ఇచ్చే అద్దె. గడువులో సగం గడిచాక అదే అడ్రెస్‌ను పొడిగించమని కంప్యూటర్ అడుగుతుంది. జవాబు రాకపోతే ఎనిమిదింట ఏడు వంతులు గడిచాక మరోసారి, ఈసారి ఎవరు విన్నా సరేనని అందరినీ అడుగుతుంది. 24 గంటల లీజైతే పన్నెండో గంటకు, ఇరవై ఒకటో గంటకు. ఆ గంటల్లో కంప్యూటర్ నిద్రలో ఉంటే అడిగేవాడే లేడు. లేచాక అడ్రెస్‌ను మళ్లీ ఖాయం చేసుకోవాలి. కార్డు ఇంకా కుదురుకోకముందే ఆ అడగడం జరిగిపోతే జవాబు అందదు.

దీన్ని కళ్లతో చూడవచ్చు. కమాండ్ ప్రాంప్ట్‌లో "ఐపీకాన్ఫిగ్" కొట్టండి. ఇంట్లో మామూలుగా 192.168తో మొదలయ్యే అడ్రెస్ ఉండే చోట 169.254తో మొదలయ్యేది, దాని ముందు "ఆటోకాన్ఫిగరేషన్" అనే మాట, డీఫాల్ట్ గేట్‌వే ఎదురుగా ఖాళీ కనిపిస్తే ఎవరూ అడ్రెస్ ఇవ్వక కంప్యూటర్ తనకు తానే ఒకటి పెట్టుకుందని అర్థం. అప్పుడు "ఐపీకాన్ఫిగ్ /రిలీజ్", ఆ వెంటనే "ఐపీకాన్ఫిగ్ /రెన్యూ". దీనితో నెట్ వస్తే కార్డుకు జబ్బు లేనట్టే, టిక్కు జోలికి వెళ్లనక్కర్లేదు. అడ్రెస్ సరిగానే ఉండి నెట్ రాకపోతే ముందు గేట్‌వేను పింగ్ చేయండి, తర్వాత 8.8.8.8ను, ఆ తర్వాత ఏదైనా సైటు పేరును. అంకెలు పలికి పేరు పలకకపోతే డీఎన్ఎస్ గొడవ, "ఐపీకాన్ఫిగ్ /ఫ్లష్‌డీఎన్ఎస్" దాని మందు. వైఫై సెట్టింగుల్లో ర్యాండమ్ హార్డ్‌వేర్ అడ్రెస్‌ను రోజూ మార్చమని పెట్టుకున్నవారికి, రౌటర్‌లో మ్యాక్ అడ్రెస్ చూసి లోపలికి రానిచ్చే ఏర్పాటు ఉంటే, తెల్లారేసరికి తమ ఇంట్లో తామే కొత్తవారవుతారు.

రెండోది షట్‌డౌన్. "షట్‌డౌన్ చేసి ఆన్ చేశాను, అయినా రాలేదు. రీస్టార్ట్ చేస్తే వచ్చింది" అని ఎవరైనా అంటే నమ్మండి. 2012లో విండోస్ 8తో వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ వల్ల మామూలు షట్‌డౌన్ పూర్తి షట్‌డౌన్ కాదు. మన ప్రోగ్రాములను మూస్తుంది గాని విండోస్ కెర్నల్‌ను, డ్రైవర్లను ఉన్న స్థితిలోనే డిస్కులో దాచి, ఆన్ చేయగానే అక్కడినుంచే లేపుతుంది. చిక్కులో పడ్డ డ్రైవర్ ఆ చిక్కుతోనే లేవవచ్చు. రీస్టార్ట్‌కు ఈ దారి లేదు, అది ఎప్పుడూ మొదటినుంచే. షిఫ్ట్ కీ పట్టుకుని షట్‌డౌన్ నొక్కితే అప్పటికి పూర్తిగా ఆగుతుంది. పూర్తిగా తీసేయాలనుకుంటే కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ బటన్ల సెట్టింగుల్లో ఫాస్ట్ స్టార్టప్ టిక్కు ఉంటుంది. ఎస్ఎస్‌డీ ఉన్న యంత్రంలో దాన్ని తీసేస్తే పోయేది కొద్ది సెకన్లే, నా ఓటు తీసేయడానికే.

ఇవన్నీ చేసినా కార్డు డివైస్ మేనేజర్‌లో కనిపించడమే మానేస్తే, షిఫ్ట్ షట్‌డౌన్ తర్వాత ఛార్జర్ పీకి, బ్యాటరీ ఊడదీయగలిగినదైతే అదీ తీసి, పవర్ బటన్‌ను అరనిమిషం నొక్కి పట్టుకోండి. బోర్డు మీద మిగిలిన ఛార్జ్ కూడా దిగిపోయి కార్డుకు నిజంగా కరెంటు తెగుతుంది. అప్పుడూ కనిపించకపోతే విండోస్‌లో వెతకాల్సింది ఇంకేమీ లేదు. అడుగు మూత విప్పించి, కార్డు స్లాట్‌లో సరిగా కూర్చుందో లేదో చూపించాలి. కార్డే పోతే, బోర్డుకు అంటించినది కానంతవరకు, ఒక్క స్క్రూ విప్పి వేరేది బిగించుకోవచ్చు.